పాట రాదు, ప్రసంగం రాదు, లెక్కలు మాత్రమే వచ్చు. దేవుని పనిలో నాకు చోటు ఎక్కడ?

లెక్కల_తమ్ముడు (వరంగల్)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న విషయం, ఇక్కడ పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో (రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే చోట) గుమస్తాగా పని చేస్తాను. మిర్చి సీజన్‌లో పొద్దున పోతే రాత్రి దాకా రాతపనే. రైతులకు తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మకం లెక్క చీటీలు, రాయడం, హమాలీ ఖర్చులు, కమీషన్, అడ్వాన్సులు అన్నీ సరిచూడటం. ఆ పని నాకు ఇష్టం, కష్టంగా అనిపించదు. కాగితం మీద తప్పు ఎక్కడుందో కంటికి ఊరికే తగులుతుంది.

మా సంఘంలో మాత్రం పరిచర్య అంటే పాట, వాక్యం, సాక్ష్యం, వీధి సువార్త. మైకు ముందు నిలబడితే నాకు గొంతు పెగలదు. మొన్న యవ్వనస్థుల కూడికలో "నీకు దేవుడు ఇచ్చిన తలాంతు ఏమిటి" అని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. ఒకరు కీబోర్డ్ అన్నారు, ఒకరు పాట అన్నారు. నా వంతు వచ్చేసరికి "ప్రార్థనలో ఉన్నాను అన్నా" అని కూర్చున్నాను. అప్పటి నుంచి ఇదే ఆలోచన. కృపావరం అంటే గుడిలో పదిమందికి కనిపించేదేనా? నాకు వచ్చిన పనితో విశ్వాసంగా బతకడం అంటే ఎలా ఉంటుంది? ఊరికే ఓదార్చకండి, మీరు చేసేది, చూసినది చెప్పండి.

రిటైర్డ్_రైల్వే (కాజీపేట)

తమ్ముడూ, వందనాలు. నేను రైల్వేలో ఉండగానే సంఘం కోశాధికారి బాధ్యత కూడా మోశాను, కాబట్టి నీ ప్రశ్న నాకు బాగా దగ్గరిది.

ముందు ఒక పని చెయ్యి. రెండో కొరింథీ 8వ అధ్యాయం చివరి సగం నిదానంగా చదువు. యెరూషలేములో ఉన్న పేద విశ్వాసుల కోసం పౌలు సంఘాల దగ్గర చందా పోగు చేయిస్తున్నాడు. ఆ డబ్బు పనికి తీతును పంపుతూ, సంఘాల్లో మంచి పేరున్న మరో సహోదరుణ్ణి కూడా జతచేసి పంపుతాడు. ఎందుకంటే ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకూడదు, ప్రభువు ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా పని సరిగ్గా ఉండాలి అంటాడు. పౌలు అంతటివాడు లెక్క గురించి అంత జాగ్రత్త పడ్డాడు. మన దగ్గర ఎన్ని సంఘాలు లెక్క దగ్గరే రెండుగా చీలిపోయాయో నీకూ తెలుసు. వాక్యంలో తేడా వచ్చి విడిపోయిన వాళ్ళకంటే కానుకల పెట్టె దగ్గర మాట వచ్చి విడిపోయిన వాళ్ళనే నేను ఎక్కువ చూశాను. ఒక్కడు నమ్మకంగా లెక్క రాసి, నెలనెలా గోడకు అంటించి ఉంటే కొన్ని గొడవలు పుట్టేవే కావు. అది పరిచర్య కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో మాట, ఇది కొంచెం ఘాటుగా ఉంటుంది. శిష్యుల్లో డబ్బు సంచి మోసింది యూదా. అందులో వేసినది దొంగిలించేవాడని యోహాను 12లో రాసి ఉంది. మనకు ఏది బాగా వస్తుందో శోధన కూడా ఆ దారిలోనే వస్తుంది. అందుకే కానుకలు ఎప్పుడూ ఒక్కడివే కూర్చుని లెక్కపెట్టకు, పక్కన ఇంకొకరు ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. నీ మీద అనుమానంతో చెప్పడం లేదు బిడ్డా, నిన్ను కాపాడటానికే.

సిస్టర్_నైట్‌డ్యూటీ (హన్మకొండ)

పెద్దన్న గుడి లోపలి సంగతి చెప్పారు, నేను బయటి సంగతి చెప్తాను. తమ్ముడూ, ఆదివారం రెండు గంటలు పక్కన పెట్టి, మిగతా ఆరు రోజులు ఆ మార్కెట్‌లో ఏం చేస్తున్నావో చూడు. ములుగు అవతల నుంచో, భూపాలపల్లి వైపు నుంచో మిర్చి తెచ్చిన రైతు చేతికి నువ్వు తక్‌పట్టీ ఇస్తావు. అందులో ఏ కోత దేనికి పడిందో ఎంతమందికి అర్థమవుతుంది? చాలామంది మడిచి జేబులో పెట్టుకుని బస్సు ఎక్కుతారు, ఇంటికి పోయి చదువుకునే పిల్లలను అడుగుతారు. అదే నువ్వు రెండు నిమిషాలు ఆగి "తాతా, ఇదీ తూకం, ఇదీ రేటు, ఇది హమాలీ, ఇది పోయిన నెల నువ్వు తీసుకున్న అడ్వాన్సు" అని చదివి చెప్తే? దొంగ త్రాసు యెహోవాకు అసహ్యం అని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే చెబుతుంది. ఆ మాటను రోజూ చేతల్లో పెట్టగలిగిన చోట నువ్వు కూర్చున్నావు. నేను కావాలన్నా ఆ కుర్చీలో కూర్చోలేను.

నాకు వచ్చింది మాట. చిన్నప్పటి నుంచీ వాగుడుకాయ అని పేరు. ఎవరినైనా ఆపి అడగడానికి నాకు మొహమాటం ఉండదు. డ్యూటీ లేని రోజుల్లో ఎంజీఎం ఆసుపత్రి దగ్గరికి పోతాను. ఊళ్ళ నుంచి పేషెంట్‌ను తీసుకొచ్చిన వాళ్ళకు ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ, ఆరోగ్యశ్రీ డెస్క్ ఎక్కడ తెలియదు, అడగాలంటే భయం. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగిందన్న సంగతి కూడా కొందరికి తెలియదు, అప్పు కోసం అటూ ఇటూ ఫోన్లు చేస్తుంటారు. వాళ్ళతో నడుస్తాను, వాళ్ళ తరఫున అడుగుతాను. అంతే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. సాయం చేసి, వెంటనే కరపత్రం చేతిలో పెట్టే పని నేను చేయను. ఎవరైనా చేస్తే నాకు బాధ. మంచం మీద మనిషి ఉన్నప్పుడు వాళ్ళకు కాదనే ధైర్యం ఉండదు. వాళ్ళే అడిగితే ప్రార్థన చేస్తాను, అడగకపోతే నా మనసులో చేసుకుంటాను. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టిన ఇసబెల్ కెర్ గురించి వినే ఉంటారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్, 1932లో చనిపోయే దాకా ఈ నేల మీదే ఉండిపోయింది. ఊరు వెలివేసిన మనుషులను ముట్టుకుని వైద్యం చేయడమే ఆమె విశ్వాసం. ఆ ఆసుపత్రికి డబ్బు ఇచ్చిన వాళ్ళలో నర్సాగౌడ్ గారు అనే హిందూ దాత కూడా ఉన్నారు. పని చూసి ఇచ్చారు.

బొగ్గుబాయి_బ్రదర్ (గోదావరిఖని)

పైన చెప్పినవన్నీ బాగున్నాయి, నేను కొంచెం వేరుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

నేను సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌ని. నిర్గమకాండం 31వ అధ్యాయం నాకు ప్రాణం. దేవుని ఆరాధన గుడారం పనికి బెసలేలు అనే పనివాణ్ణి పేరు పెట్టి పిలిచి, దేవుని ఆత్మతో నింపి, బంగారం, వెండి, ఇత్తడి, రాళ్ళు, కర్ర పని చేసే నేర్పు ఇచ్చానని దేవుడు అంటాడు. చేతిపనివాడికి ఆత్మ! మొదటిసారి విన్నప్పుడు నైట్ షిఫ్ట్ అయి వచ్చి కూర్చున్నాను, నిద్ర ఎగిరిపోయింది. అప్పటి నుంచి మా కాలనీలో విధవరాళ్ళ ఇళ్ళలో, వయసు మళ్ళిన వాళ్ళ ఇళ్ళలో కరెంటు పని ఏది ఉన్నా పైసా తీసుకోకుండా చేస్తున్నాను. వాళ్ళది ఏ మతమో అడగను.

కానీ తమ్ముడూ, "నాకు వచ్చింది ఇదే, మిగతాది నాకు సంబంధం లేదు" అనే చోటికి మాత్రం పోవద్దు. మోషే నోటి మాంద్యం ఉందన్నాడు, దేవుడు అహరోనును తోడు ఇచ్చాడు కానీ ఫరో దగ్గరికి పోవడం మాత్రం తప్పించలేదు. పౌలుకు అయితే బలహీనతలోనే నా శక్తి పరిపూర్ణం అవుతుందని జవాబు వచ్చింది. చావు ఇంటికి పోవడానికి, జైలులో ఉన్నవాణ్ణి చూడటానికి, ఆకలితో ఉన్నవాడికి పెట్టడానికి తలాంతు అక్కర్లేదు. మత్తయి 25లో తలాంతుల ఉపమానం అయిపోయాక ప్రభువు అడిగిన లెక్క అదే కదా. మాటలు రాకపోతే పోయి పక్కన కూర్చో. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఎక్కువ మాట్లాడే మనిషికంటే అలాంటివాడే చాలాసార్లు మేలు.

ఇంకోటి, సంఘాలు కూడా మనిషికి ఒక ముద్ర వేసి వదిలేస్తాయి. మా వైరింగ్ బ్రదర్, మా కుర్చీల బ్రదర్ అని. ఆదివారం ప్లే డే డ్యూటీ (సెలవు రోజు పని) పడి రాకపోతే "మైకు ఎవరు పెడతారు" అనే అడుగుతారు, "బాగున్నావా" అని అడిగేవాళ్ళు తక్కువ. నిన్ను అలా వాడుకునే చోట నోరు తెరిచి చెప్పు.

డోర్నకల్_పిల్ల (మహబూబాబాద్)

అన్నా, మీ కూడికలో అడిగిన పద్ధతి నాకు నచ్చలేదు. మనకు ఏది బాగా వస్తుందో మనకే సరిగ్గా తెలియదు, సులువుగా చేసేది కాబట్టి గొప్ప అనిపించదు. మా కాలేజీలో క్రిస్టోఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ అనే మానసిక శాస్త్రవేత్తలు 2004లో ఇచ్చిన 24 గుణబలాల జాబితా చెప్పారు. దయ, నిజాయితీ, పట్టుదల, న్యాయం, జాగ్రత్త, కృతజ్ఞత ఇలా. అందులో కంఠస్వరం లేదు, కీబోర్డ్ లేదు! నైపుణ్యం వేరు, గుణం వేరు. మీకు లెక్కలు రావడం నైపుణ్యం. తప్పు కనిపిస్తే వదలలేకపోవడం, ఎవరికీ అన్యాయం జరగకూడదనుకోవడం గుణం. పరీక్ష రాయక్కర్లేదు, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరు ముగ్గురిని "నా వల్ల మీకు ఎప్పుడు మేలు జరిగింది" అని అడగండి.

మా డోర్నకల్ మొదటి బిషప్ అజరయ్య గారు, అదే 1912లో ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటి భారతీయుడు, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేతా తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని పలికించేవారట. ఆ రోజుల్లో వాళ్ళలో ఎక్కువమంది చదువు రాని కూలీలు. మైకులు ఎక్కడివి? పొలంలో, నూతి దగ్గర ఎలా బతికారో అదే వాళ్ళ ప్రకటన. మా అమ్మమ్మ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం పక్కన పెట్టేది. ఆమెకు చదువు లేదు, కానీ ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆమెకు తెలిసినట్టు ఊళ్ళో ఎవరికీ తెలిసేది కాదు.

లెక్కల_తమ్ముడు (వరంగల్)

అందరికీ చాలా కృతజ్ఞతలు. అక్క చెప్పిన తక్‌పట్టీ మాట దగ్గర ఆగిపోయాను. ఒక భయం ఉంది. మా సేటు మంచివాడే, కానీ మార్కెట్‌లో అందరూ అలా ఉండరు, రేపు వేరే దుకాణానికి పోవాల్సి వస్తే, అక్కడ లేని కోత రాయమంటే? ఉద్యోగం పోతే ఇల్లు గడవదు.

రిటైర్డ్_రైల్వే (కాజీపేట)

లూకా 3వ అధ్యాయం చూడు. సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్ళు, వచ్చి మేమేం చేయాలి అని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. నువ్వూ లేనిది రాయకు, అంతవరకే. మొదటి రోజే మర్యాదగా చెప్పు, "సేటూ, లెక్క పక్కాగా రాస్తాను, లేనిది రాయను" అని. నిజాయితీగా రాసే గుమస్తా దొరకడం సేట్లకూ కష్టమే, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇబ్బందే, దాన్ని తేలిక చేసి చెప్పను. అప్పుడు సంఘం నీ ఇంటికి అండగా నిలబడాలి. మీ పాస్టర్ గారితో ఈ సంగతి ఇప్పుడే చెప్పి పెట్టు.

సిస్టర్_నైట్‌డ్యూటీ (హన్మకొండ)

తమ్ముడూ, ఇంకో పని ఉంది, నీ చేతికి సరిగ్గా సరిపోతుంది. స్కాలర్‌షిప్ ఈపాస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) దరఖాస్తులు తెరిచినప్పుడు ఆరాధన అయ్యాక ఒక బల్ల వేసుకుని కూర్చో. సంఘం పిల్లలే కాదు, వాడలో ఎవరు వచ్చినా రాసి పెట్టు. ఆధార్, ఆదాయ ధృవీకరణ, కుల ధృవీకరణ, బోనఫైడ్, మార్కుల మెమో, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ముందే తెచ్చుకోమని చెప్పు. ఆధార్‌లో ఒక పేరు, మెమోలో ఒక పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది, అది నీ కంటికే ముందు దొరుకుతుంది. ఎస్సీ నుంచి క్రైస్తవులైన కుటుంబాలకు కుల ధృవీకరణ బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కింద వస్తుంది, దాని మీద చాలా సందేహాలు అడుగుతారు, ముందే మీసేవలో కనుక్కుని పెట్టుకో. మొదటి ఆదివారం నేనూ వస్తాను, మాట్లాడే పని నాకు వదిలెయ్యి.