దగ్గు రాకపోతే మింగడం సురక్షితమేనా?

ప్రశ్న: నేను స్పీచ్ థెరపీ విద్యార్థిని. పక్షవాతం వచ్చిన ఒక రోగి నీళ్లు తాగినప్పుడు దగ్గలేదు కనుక మింగడం బాగానే ఉందని రాశాను. వీడియోఫ్లోరోస్కోపీలో (మింగుతుండగా తీసే కదిలే ఎక్స్-రేలో) మాత్రం ద్రవం స్వరతంత్రుల కిందికి జారడం కనిపించింది. నేనెక్కడ పొరబడ్డాను?

సమాధానం 1: నీళ్లు తాగించి దగ్గు వస్తుందా అని చూసే పరీక్షకే ఒక పరిమితి ఉంది. స్వరపేటికలో స్పర్శ తగ్గినవారికి ద్రవం శ్వాసనాళంలోకి వెళ్లినా దగ్గు రాకపోవచ్చు. మింగిన వెంటనే 'ఆ' అనిపించి, గొంతు తడిగా, గురగురమంటూ పలుకుతోందేమో వినండి; అయినా అది అనుమానమే తప్ప రుజువు కాదు.

సమాధానం 2: చికిత్సలోనూ తొందర వద్దు. గడ్డం వంచి మింగడం కొందరికే మేలు చేస్తుంది కనుక, దాని ఫలితాన్ని ఎక్స్-రే తెర మీద చూశాకే సూచించాలి. నెమ్మదిగా జారేలా ద్రవాన్ని చిక్కబరిచేటప్పుడు కంటి అంచనా పనికిరాదు (నేనూ చాలాకాలం అలాగే కలిపాను). నిర్దేశిత కొలతల సిరంజిలో 10 మి.లీ. నింపి, 10 సెకన్లు కారనిచ్చాక 4 నుండి 8 మి.లీ. మిగిలితే అది ఐడీడీఎస్ఐ (ఆహార, ద్రవాల చిక్కదనానికి అంతర్జాతీయ కొలమానం) 2వ స్థాయి.

సమాధానం 3: చిక్కటి ద్రవం రుచించక తాగడం తగ్గించేవారు ఎక్కువ, రోజుకు ఎంత తాగుతున్నారో కూడా రాసుకోండి.