పట్టాదారు సంతకం పెడితే ఊరు ఒప్పుకున్నట్టేనా?

మడకశిర వాసి
మా మేనమామ ఊరి పక్కన సోలార్ పార్కు వచ్చింది. పేరు రాయను. మామ ఆరెకరాల మెట్ట కౌలుకిచ్చాడు, ఏటా డబ్బు పడుతోంది. ఆయన చేసింది తప్పని నేను అనను.

కానీ మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు, వెనక వీధిలో ఉండే పెద్దాయనతో కలిసి జీవాల వెంట నడిచాను. పొద్దున ఏడింటికి కంచె మొదలైన చోట బయల్దేరితే, అది అయిపోయి గడ్డి కనిపించేసరికి ఎనిమిదిన్నర. ఇదివరకు ఆ పొలాల మీదుగా సూటిగా వంకలోకి తోలేవాడట. నలభై గొర్రెలుండేవి, ఇప్పుడు పద్దెనిమిది. మీటింగులకు పాసుబుక్కు ఉన్నవాళ్లనే పిలిచారు, ఆయనకు సెంటు భూమి లేదు. శనక్కాయ పీకడానికి వెళ్లే ఆడవాళ్లనూ ఎవరూ అడగలేదు.

నేను సౌరవిద్యుత్తుకు వ్యతిరేకిని కాను. బొగ్గు పోవాల్సిందే. నా ప్రశ్న ఒక్కటే: భూమి ఉన్నవాళ్ల సంతకం ఊరి సంతకమా?

శనక్కాయ రైతు
అన్నా, ఆ పెద్దాయన సంగతి చదివితే నాకూ బాధేసింది. కానీ నా వైపు కూడా చూడు. నేనూ కౌలుకిచ్చినవాణ్ణే. విత్తనాలకు అప్పు, మందులకు అప్పు. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే చేతికొచ్చేది కట్టె మాత్రమే. మూడు బోర్లు వేశాను, మూడూ ఎండిపోయాయి. ఇప్పుడు పిల్ల ఫీజు కట్టే నెలలో నాకు టెన్షన్ లేదు. కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కులో కూడా ఇదే కదా చేసింది? 2,050 మెగావాట్లకు దాదాపు 13,000 ఎకరాలు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరు మీదే ఉంది. ప్రభుత్వం సేకరించుకుని పోవడం కన్నా ఇది ఎంతో నయం.

నా పొలం కౌలుకివ్వడానికి ఊరంతటి అనుమతి తీసుకోవాలా? పంట పోయిన ఏడు ఊరు నా అప్పు కట్టిందా?

కొండగాలి
రైతుగారూ, మీ పొలం మీ ఇష్టం, కాదనను. ఊరందరిదీ అయిన భూమి పోయినప్పుడు ఎవరి సంతకం అడగాలి? మన అనంతపురం వైపున్న కల్పవల్లి అడవి చూడండి. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేల ఎకరాల బోడి గుట్టలను కాపలా కాసి అడవిగా చేసుకున్నారు. పశువులకు మేత, ఇంటి కప్పుకు బోద, చీపుర్లకు ఈత. తోడేళ్లు కూడా మళ్లీ వచ్చాయి. రికార్డులో మాత్రం అది రెవెన్యూ బంజరు, అంటే ఖాళీగా పడున్న ప్రభుత్వ భూమి. 2010 తర్వాత గాలిమరలు వచ్చాయి. మర నిలబడే చోటు చిన్నదే, నష్టమంతా దారుల వల్ల. పొడవాటి రెక్కలు మోసే లారీలు తిరగాలి కాబట్టి గుట్టలను వెడల్పుగా కోశారు. ఆ మట్టి జారి వంకల్లో పడింది. గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

చట్టంలో ఉన్న సందు ఇది. బొగ్గు కరెంటు కేంద్రం పెట్టాలంటే కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉండాలి. సోలార్ పలకలకు, గాలిమరలకు ఆ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ఆ సభా లేదు. 2013 భూసేకరణ చట్టం భూమి లేని కూలీని, కౌలుదారుని కూడా బాధిత కుటుంబంగానే లెక్కిస్తుంది. కానీ కౌలు ఒప్పందం భూసేకరణ కిందికి రాదు. రైతుకు మేలు చేసిన ఆ పద్ధతే కూలీని లెక్కలోంచి తప్పించింది.

సబ్‌స్టేషన్ ఇంజినీర్
నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) విద్యుత్ సామర్థ్యం దేశం పెట్టుకున్న లక్ష్యం. ప్రతి ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ అంటే రెండేళ్లు కోర్టుల్లోనే పోతాయి. ఆ రెండేళ్లూ బొగ్గే కాలుతుంది, దాని వేడి కూడా మొదట తగిలేది మెట్ట రైతుకే. భూమి వద్దనుకుంటే రామగుండంలో 2022లో చేసినట్టు నీటి మీద 100 మెగావాట్లు పరవచ్చు, ఇళ్ల కప్పుల మీద పెట్టవచ్చు. అవి మాత్రమే సరిపోవు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మేం ఊళ్లోకి వెళ్లేసరికి డిజైన్ అయిపోయి ఉంటుంది. అప్పుడు దారి అడిగితే, పలకల వరస మార్చడం ఖర్చు. మొదట్లో అడిగితే అది కాగితం మీద ఒక గీత, అంతే.

శనక్కాయ రైతు
ఆ మాట బాగుంది. నా కౌలు ఆగకుండా దారి వదిలితే నాకేం అభ్యంతరం? మా పక్కింటామె ఇదివరకు నా చేలోనే కూలికి వచ్చేది. ఇప్పుడు ఆటోలో ముప్పై కిలోమీటర్లు పోతోంది. కంచె లోపల గడ్డి కోసే పని, పలకలు తుడిచే పని మొదట ఆమెలాంటి వాళ్లకే ఇవ్వాలని రాయమంటే నేనూ సంతకం పెడతాను. కానీ సభ పేరుతో నాలుగు పార్టీలు వచ్చి కూర్చుని నా ఒప్పందాన్ని చెడగొడితే ఊరుకోను.

మడకశిర వాసి
రైతన్నా, నీ కౌలుకు ఊరు అడ్డుపడాలని నేను అడగడం లేదు. సంతకాలకు ముందు గ్రామసభ పెట్టాలి, అందులో పాసుబుక్కు లేనివాళ్లూ మాట్లాడాలి, బాటలు, వంకలు, కుంటలు నక్షా మీద గుర్తించాకే డిజైన్ గీయాలి. ఇంజినీరుగారు చెప్పినట్టు అప్పుడైతే అది గీతే. పలకల కింది అంచు కాస్త ఎత్తు పెట్టి, వైర్లు గొట్టాల్లో వేస్తే గొర్రెలు లోపలే మేస్తాయి. గడ్డి కోయించే ఖర్చూ తగ్గుతుంది. మేకల సంగతి వేరు, అవి ఎక్కుతాయి.

మామ ఊళ్లో రెండో విడతకు సర్వే రాళ్లు పాతుతున్నారు. వచ్చే వారం పెద్దాయన్ని బండి మీద ఎక్కించుకుని పంచాయతీకి వెళ్తున్నాను. జీవాలను ఏ సర్వే నంబర్ల మీదుగా తోలతాడో ఆయనే నక్షా మీద వేలు పెట్టి చూపించాలి. ఇలాంటి దారిని కౌలు ఒప్పందంలో రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ షరతు ఎలా రాశారో ఇక్కడ పెట్టండి.