నల్లమలలో చూసినవి అడవికోళ్లా, జిట్టకోళ్లా?

ప్రశ్న:
ఈ మధ్య దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్తుండగా, ఉదయాన్నే దారి పక్కన బండరాళ్ల నడుమ ఎండుటాకులను కాళ్లతో గీరుతున్న ఒక పక్షుల జంటను చూశాను. నాటుకోడి పెట్టకంటే చిన్నవి. మా అలికిడి తగలగానే అవి ఎగరలేదు. తలలు వంచుకుని రాళ్ల సందుల్లోంచి పొదల్లోకి పరుగెత్తాయి. మాతో ఉన్న చెంచు పెద్దాయన వాటిని జిట్టకోళ్లన్నారు, మిత్రులేమో అడవికోడి పెట్టలన్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు:
పెద్దాయన మాటే సరైనదని నా అభిప్రాయం. అయితే జిట్టకోడి అనే పేరుతో మనవాళ్లు రెండు జాతులను పిలుస్తారు. ఎర్ర జిట్టకోడికి కంటి చుట్టూ ఈకలు లేని ఎర్రని చర్మం ఉంటుంది, కాళ్లు కూడా ఎర్రగా ఉంటాయి. చుక్కల జిట్టకోడికి ఆ చర్మం ఉండదు, కాళ్లు ముదురు బూడిద రంగులో ఉంటాయి. మీరు తలను గమనించారా?

ప్రశ్న అడిగినవారు:
గమనించానండీ. ఒకదాని తల నల్లగా ఉండి, దానిమీద పిండి చల్లినట్టు తెల్లని చుక్కలున్నాయి. ఇటుక రంగు వీపు మీద కూడా అవే చుక్కలు. రెండోది మట్టిరంగుది, చుక్కలు లేవు, నుదురు మాత్రం కొంచెం ఎర్రగా ఉంది. కంటి చుట్టూ ఎరుపు రెండింటికీ లేదు.

జవాబు:
అయితే సందేహం లేదు, అవి చుక్కల జిట్టకోళ్లే. చుక్కలున్నది పుంజు, మట్టిరంగుది పెట్ట. ఎర్రది కాస్త దట్టమైన అడవిని ఇష్టపడితే, ఇది మీరు చూసినటువంటి రాతి గుట్టలను, ముళ్లపొదలను వదలదు. నాటు పుంజుకు కాలికి ఒక్క ముల్లే ఉంటుంది కానీ, జిట్టకోడి పుంజుకు ఒక్కో కాలికి రెండు మూడు కూడా ఉంటాయి.

మరో జవాబు:
వీటి ఆహారం గింజలు, రాలిన పండ్లు, పురుగులు. గూడంటూ అల్లవు, పొద కిందనో బండ చాటునో నేలను కొద్దిగా గీరి, మూడు నుంచి అయిదు గుడ్లు పెడతాయి. అందుకే వేసవిలో ఎండుటాకులకు ఎవరైనా నిప్పు పెడితే, పెద్ద జంతువులు తప్పించుకున్నా ఈ గుడ్లు అక్కడే కాలిపోతాయి. ఈ సంగతి నన్ను ఎంతో బాధిస్తుంది. మాంసం కోసం ఉచ్చులు పన్నేవారూ ఉన్నారు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మీకు ఎప్పుడైనా గుడ్లు కనబడితే దగ్గరకు వెళ్లకుండా, ఆ చోటు ఎక్కడో బయట చెప్పకుండా ఉండవలసిందిగా కోరుతున్నాను.