చలికాలంలో కొండల మీదికి కారులో ఒక్కరోజు ట్రిప్: వెళ్లొచ్చా, వద్దా?

పొగమంచు_పిచ్చి:
నలుగురం, కారు ఒకటి. చీకటితోనే బయల్దేరి పైనుంచి మేఘాల సముద్రం, తర్వాత ఒక ఐస్ గుహ, గడ్డకట్టిన జలపాతం చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్. ఇంట్లో కొందరు "పోతే రెండ్రోజులు పోవాలి, లేకపోతే మానుకోండి" అంటున్నారు. మీరేమంటారు?

తొలివెలుగు:
కళ్లు మూసుకుని వెళ్లండి. మేఘాల సముద్రం అనేది ఆలస్యంగా లేచేవాళ్లకి దొరికేది కాదు. రాత్రంతా చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, పొగమంచు అక్కడే పేరుకుంటుంది, పైన మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంటుంది. ఎండెక్కితే చెదిరిపోతుంది. చలికాలంలో కొండలు చూడాల్సిన తీరే ఇది: పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేయడం. దానికి రూము, లగేజీ, రెండ్రోజుల సెలవు దేనికి?

రెండో_గేరు:
దేనికో నేను చెబుతా. మీరన్న ఆ తెల్లవారుజామే రోజు మొత్తంలో అత్యంత చల్లటి సమయం. పైకి వెళ్లేకొద్దీ సాధారణంగా కిలోమీటరు ఎత్తుకి ఆరేడు డిగ్రీలు పడిపోతుంది, అంటే కింద తడి రోడ్డు పైన ఐస్ రోడ్డు కావచ్చు, పైగా బ్లాక్ ఐస్, అంటే రోడ్డు మీద పలచగా పట్టే ఐస్ పొర, పారదర్శకం కాబట్టి లైట్ల వెలుగులో మామూలు తడిలాగే కనిపిస్తుంది. ముందు వంతెనల మీద, ఎండ తగలని మలుపుల్లో, ఊట నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారే చోట పడుతుంది. డాష్‌బోర్డు మూడు డిగ్రీలు చూపిస్తోంది కదా అనుకోవద్దు, అది గాలి వేడిమి, రోడ్డు అంతకన్నా చల్లగా ఉండొచ్చు. సాయంత్రం సంగతి వేరే. కొండ అడ్డం వచ్చి లోయలో ఎండ ముందే పోతుంది, పగలు కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకడతాయి, సరిగ్గా మీరు అలసిపోయి దిగే టైముకి.

జీపు_రాజు:
ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఇవన్నీ అక్కర్లేని భయాలు.

రెండో_గేరు:
ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. బ్రేకు వేస్తే ఆపేది టైరే. వింటర్ టైరు రబ్బరు ఏడు డిగ్రీల కింద కూడా మెత్తగా ఉంటుంది, మామూలు టైరు బిగుసుకుపోతుంది.

జీపు_రాజు:
నా బండి ఎక్కని కొండ లేదు.

రెండో_గేరు:
ఎక్కడం గురించి ఎవరన్నారు? దిగడం గురించి మాట్లాడుతున్నా.

జీపు_రాజు:
ఎక్కినవాడికి దిగడం రాదా? నవ్వొస్తోంది.

గుహల_పక్షి:
టైర్లు కాసేపు పక్కన పెట్టండి, అసలు గుహ తెరిచి ఉంటుందా చూశారా? ఆస్ట్రియాలో ఐస్‌రీసెన్‌వెల్ట్ అంత పెద్ద ఐస్ గుహ లేదంటారు, అది చలికాలంలో మూసేస్తారు. చలికాలంలో చల్లగాలి లోపలికి దిగి రాళ్లని గడ్డకట్టిస్తుంది, వసంతంలో కరిగిన నీళ్లు లోపలికి కారి ఆ చలికి ఐస్ అవుతాయి. మంచు కురిసే కాలంలోనే ఐస్ గుహ బాగుంటుందనుకోవడం పొరపాటు. మామూలు సున్నపురాయి గుహ అయితే వెళ్లండి, లోపల ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిమి, బయటి చలికి అదే వెచ్చగా అనిపిస్తుంది.

సైలెంట్_రీడర్:
ఆస్ట్రియాలోనే గ్రోస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు కూడా చలికాలమంతా బంద్. ముందు రోడ్డు ఉందో లేదో చూసుకోండి బాబూ.

తొలివెలుగు:
గుహ పోతే పోయింది, రోడ్డు పక్కనే చూసేవి లేవా? కెనడాలో అబ్రహాం లేక్ ఉంది. కింద కుళ్లే మొక్కల నుంచి లేచే మీథేన్ బుడగలు ఐస్‌లో దొంతర్లుగా చిక్కుకుంటాయి, గాలి మంచుని ఊడ్చేస్తుంది కాబట్టి అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తాయి. హైవే పక్కనే! కారు ఆపి, చూసి, వెళ్లిపోవచ్చు. రెండో గేరు గారికి ఇలాంటివన్నీ వద్దు, ఇంట్లో కూర్చుని టైర్లు తడుముకుంటే చాలు.

రెండో_గేరు:
అది డ్యామ్ రిజర్వాయరు అండీ. చలికాలంలో కింద నీటిమట్టం తగ్గి ఐస్ కింద ఖాళీలు పడతాయి, అంచులు చీలతాయి. "ఆపి, చూసి, వెళ్లిపోవచ్చు" అట. సరే, ఒకటి అడుగుతా, సూటిగా చెప్పండి. ఈ ట్రిప్పుల్లో స్టీరింగ్ ఎవరిది?

తొలివెలుగు:
దానికీ దీనికీ ఏంటి సంబంధం? నేను రూటు చూస్తా, టైములు చూస్తా. నడిపేవాళ్లు నడుపుతారు.

రెండో_గేరు:
అదీ సంగతి! నేను ఆ నడిపేవాణ్ణి. పోయిన చలికాలం మా బావమరిది ఇలాగే ప్లాన్ వేశాడు. వెళ్లేటప్పుడు అందరూ నిద్ర, వచ్చేటప్పుడు అందరూ నిద్ర, మధ్యలో "అబ్బ, అటు చూడు బావా!" అని కేకలు. నేను చూసింది ముందున్న లారీ వెనక లైట్లు. పైకి చేరాక అరగంట కళ్లు మూసుకుంటానంటే "టైము లేదు, జలపాతం ఉంది" అన్నాడు. లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకా ఇద్దరున్నారు కారులో. ఒక్కరు కూడా కాసేపు నడపనా అని అడగలేదు. రాత్రి ఆగుదామని నేను అడిగేది సుఖం కోసం కాదు.

వెనకసీటు:
ఇది టైర్ల గొడవ కాదన్నమాట. ఇంతసేపూ ఐస్ మీద పెట్టి తిట్టారు గానీ కోపం బావమరిది మీద. పక్కన కూర్చున్నవాళ్లకీ టెన్షన్ ఉంటుందండీ, ఊరికే నిద్రపోం.

రెండో_గేరు:
కోపం ఉంటే ఐస్ కరిగిపోతుందా? రెండూ నిజమే.

తొలివెలుగు:
నాకు డ్రైవింగ్ రాదు, కళ్లు సహకరించవు. అందుకని కొండలు చూడకూడదా? రెండ్రోజుల సెలవు అందరికీ దొరకదు. ఒక్కరోజే దొరికేవాళ్లకి మీరు చెప్పేది "మానుకోండి" అనే.

రెండో_గేరు:
మానుకోమనలేదు. నడిపేవాడు ఆగుదామంటే ఆగాలి, వెనక్కి తిరుగుదామంటే తిరగాలి, దానికి మీ టైము పట్టికలో చోటుండాలి. మూడింటిలో ఒకటే చూడండి.

తొలివెలుగు:
ఒక్కటే చూడ్డానికి అంత దూరమా?

జీపు_రాజు:
ఇద్దరూ నా బండి ఎక్కండి, చూపిస్తా.

పొగమంచు_పిచ్చి:
గుహ తీసేశాం, రోడ్డు తెరిచే ఉందట. జలపాతం సంగతి అక్కడికెళ్లాక చూస్తాం. నలుగురిలో లైసెన్సు ఇద్దరికే ఉంది, అందులో ఒకడు కొండ దారిలో ఎప్పుడూ నడపలేదు. వాణ్ణి పొద్దున చీకట్లో కాకుండా మధ్యాహ్నం ఎండలో దిగేటప్పుడు కూర్చోబెట్టమంటారా?

రెండో_గేరు:
దిగేటప్పుడు వద్దు. కింద చదును రోడ్డు వచ్చాక ఇవ్వండి. దిగుతున్నప్పుడు మీరే, చిన్న గేరులో, బ్రేకు మీద కాలు అదిమిపెట్టకుండా.