అక్వేరియంలో ఎక్కువైన చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వడం ఎలా?

ప్రశ్న: నీలితొట్టి, మల్కాజిగిరి

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట మా అమ్మాయి పుట్టినరోజుకు ఆరు గప్పీలను (చిన్న రంగుల చేపలను), వాటితో పాటు గాజుకు పట్టిన పాచిని తింటుందని చెప్పగా 2 అంగుళాల సక్కర్ చేప ఒకదానిని కొన్నాము. మా తొట్టి 3 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంటే సుమారు 150 లీటర్ల నీళ్లు పడతాయి. ఇప్పుడు అందులో పెద్దవీ పిల్లలూ కలిపి 120కి పైగా గప్పీలు ఉన్నాయి. సక్కర్ చేప 10 అంగుళాలు పెరిగి, రాత్రిపూట తోక విదిలిస్తే అడుగున ఉన్న గులకరాళ్లన్నీ చెల్లాచెదురవుతున్నాయి. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చినా తొట్టి మసకబారుతూనే ఉంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం 60 గప్పీలను ఒకే కవరులో, నిండా నీళ్లు పోసి, స్కూటర్ మీద ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. దుకాణదారు కవరు వంక చూసి, తమకు అవసరం లేదని చెప్పి మరో గిరాకీ వైపు తిరిగారు. ఇంటికి వచ్చేసరికి 11 చేపలు చనిపోయాయి. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. వాటిని అమ్మి డబ్బు సంపాదించాలన్న ఉద్దేశం నాకు లేదు. బతికే చోటుకు చేర్చాలన్నదే నా కోరిక. దుకాణాలవారు ఇలాంటి చేపలను అసలు తీసుకుంటారా? తీసుకునేటట్లయితే ఎలా అడగాలి? మా అపార్ట్‌మెంటులో ఒకరు, సక్కర్ చేపను సఫిల్‌గూడ చెరువులో వదిలేస్తే దాని బతుకు అది బతుకుతుందని సలహా ఇచ్చారు. అది సరైన పనేనా?

సమాధానం: పాచిరాయి, కూకట్‌పల్లి

నీలితొట్టి గారికి నమస్కారం. పద్నాలుగేళ్లుగా చేపలను పెంచుతున్నాను, అందులో పదేళ్లకు పైగా మిగులు చేపలను దుకాణాలకు ఇస్తున్నాను. కాబట్టి నా అనుభవం మీకు కొంత పనికి రావచ్చు.

దుకాణాలవారు తీసుకుంటారు. అయితే చేపలను వెంటబెట్టుకుని వెళ్లి అడగకూడదు. ముందుగా చేపలు లేకుండా, సోమవారం నుంచి గురువారం లోపు, గిరాకీ తక్కువగా ఉండే వేళలో వెళ్లి, మీ దగ్గర ఏ చేపలు ఎన్ని ఉన్నాయో చెప్పి, ఫోనులో తీసిన వీడియో చూపించండి. ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో వచ్చినవారితో దుకాణం నిండి ఉంటుంది. ఆ సమయంలో 60 చేపలకు ఖాళీ తొట్టి వెతకడం ఎవరికైనా కష్టమే. మీకు ఎదురైన తిరస్కారానికి సగం కారణం అదే అయి ఉంటుందని నా అభిప్రాయం.

డబ్బు విషయానికి వస్తే, నగదు ఆశించవద్దు. వారు అమ్మే ధరలో మూడో వంతుకు మించి నాకు ఎన్నడూ దక్కలేదు, అది కూడా నగదు రూపంలో కాకుండా మేతగానో, ఫిల్టర్ స్పాంజిగానో, మొక్కలుగానో ఇచ్చారు. ఒకే దుకాణానికి ఏళ్ల తరబడి వెళుతూ అక్కడే సామాను కొనేవారి చేపలను తీసుకోవడానికి యజమానులు ఎక్కువ ఇష్టపడతారు, ఎందుకంటే ఆ చేపలు ఎలాంటి చేతుల్లో పెరిగాయో వారికి తెలుసు.

ఇక మీకు ముందే తెలియవలసిన విషయం ఒకటి ఉంది. రెండేళ్లుగా ఒకే కుటుంబంలో కలిసి పెరిగిన గప్పీలకు రంగులు కలగాపులగమై, మొదట కొన్న జత అందం పోతుంది. అలాంటి వాటిని కొన్ని దుకాణాలు అరోవానా, ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ వంటి వేటాడే చేపలకు మేతగా అమ్ముతాయి. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. పెద్ద చేపకూ తిండి కావాలి. కానీ మీ అమ్మాయి పేరు పెట్టి పిలుచుకున్న చేప ఆ తొట్టిలోకి వెళుతుందో లేదో తెలుసుకునే హక్కు మీకు ఉంది. కనుక యజమానిని సూటిగా, మర్యాదగా అడగండి. మేతకే వాడతామని చెబితే, ఒప్పుకోవాలో వద్దో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవచ్చు. నేను మాత్రం తోక చక్కగా విప్పారిన మగ చేపలను, బలమైన ఆడ చేపలను వేరుచేసి, వాటిని పెంపకానికే అమ్ముతామన్న దుకాణానికి ఇస్తాను. మిగిలినవాటిని ఇరుగుపొరుగు పిల్లలకు, బడుల్లో తొట్టి ఉన్నవారికి పంచుతాను.

సమాధానం: ఆరోవరుస, మెహదీపట్నం

నగరంలోని ఒక అక్వేరియం దుకాణంలో నేను ఏడేళ్లు పనిచేశాను. కౌంటరుకు ఇవతలి పక్కన నిలబడితే ఈ విషయం ఎలా కనిపిస్తుందో చెబుతాను.

హైదరాబాద్‌కు వచ్చే అలంకరణ చేపల్లో చాలా వరకు చెన్నైలోని కొళత్తూరు నుంచి, పశ్చిమ బెంగాల్ నుంచి వస్తాయి. ఆక్సిజన్ నింపిన కవర్లలో, థర్మకోల్ పెట్టెల్లో, రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. మామూలు గప్పీలు అక్కడ ఎంత చవకగా దొరుకుతాయంటే, మీ చేపలను ఉచితంగా తీసుకున్నా యజమానికి మిగిలేది కొద్ది రూపాయలే. దానికి ఎదురుగా ఉన్న నష్టభయం చాలా పెద్దది. చాలా దుకాణాల్లో ఒక వరుసలోని తొట్లన్నింటికీ ఒకటే ఫిల్టర్ ఉంటుంది, కాబట్టి ఒక్క చేప తెల్లమచ్చల జబ్బు తెచ్చినా వరుస మొత్తానికి పాకుతుంది. కొత్తగా వచ్చినవాటిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి. చిన్న దుకాణాల్లో అందుకు చోటు ఉండదు. మీ చేపల మీద దుకాణదారుకు అయిష్టమేమీ లేదు, ఆయన భయపడేది ఈ జబ్బు గురించే.

ఆ భయాన్ని పోగొట్టే సమాచారం మీ దగ్గర ఉంది. మీ తొట్టిలో నెల రోజులుగా కొత్త చేప దేన్నీ వేయలేదని, ఏ మందూ వాడలేదని, మీరు వాడేది బోరు నీళ్లో నల్లా నీళ్లో స్పష్టంగా చెప్పండి. గప్పీలు కొంత గట్టి నీటిలో, అంటే సున్నం వంటి ఖనిజాలు ఉన్న నీటిలో బాగా ఉంటాయి, మన బోరు నీళ్లు వాటికి సాధారణంగా సరిపోతాయి. రాత్రంతా ప్రయాణంలో నలిగి వచ్చిన చేప కంటే మన ఊరి నీటిలో పుట్టి పెరిగిన చేప తొట్టిలో త్వరగా కుదురుకుంటుంది. ఈ మాట చెప్పినప్పుడు మా యజమాని చాలాసార్లు మెత్తబడటం నేను చూశాను.

మీ 11 చేపలు ఎందుకు పోయాయో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు అందరూ చేస్తారు. నీళ్లు ఎక్కువ ఉంటే చేపకు మేలని అనుకుంటాము, కానీ కవరులోని నీటిలోకి ప్రాణవాయువు చేరేది పైన ఉన్న గాలి నుంచే. కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా గాలి ఉండాలి. ఒక కవరులో 15 గప్పీలకు మించి వేయకుండా, ఒకదానిలో ఒకటిగా రెండు కవర్లు వాడి, కింది మూలలను రబ్బరు బ్యాండుతో మడిచి కడితే చిన్న చేపలు మూలల్లో ఇరుక్కోవు. బయలుదేరడానికి ఒక రోజు ముందు నుంచి మేత ఆపండి. కడుపు ఖాళీగా ఉంటే కవరులోని నీరు త్వరగా పాడవదు. తొట్టిలోని నీటినే పోయండి, అప్పుడే పట్టిన నల్లా నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. ఎండాకాలంలో ఉదయం తొమ్మిదిలోపు, థర్మకోల్ పెట్టెలోనో కాగితం చుట్టిన సంచిలోనో తీసుకువెళ్లండి.

సక్కర్ చేపను మాత్రం కవరులో వేయకండి, దాని రెక్కల ముళ్లు కవరును చీల్చేస్తాయి. మూత ఉన్న బకెట్టు వాడండి. నిజం చెప్పాలంటే, 10 అంగుళాల సక్కర్ చేపను తీసుకునే దుకాణం దొరకడం కష్టం. 2 అంగుళాల పిల్లను అమ్మినప్పుడు అది ఒకటిన్నర అడుగుల వరకు పెరగగలదని చెప్పకపోవడం మా వృత్తిలో ఉన్న పెద్ద లోపం. నేనూ ఎన్నోసార్లు చెప్పకుండానే అమ్మాను, దానికి ఈనాటికీ బాధపడుతున్నాను.

సమాధానం: వలపోగు, ఎల్.బి.నగర్

చెరువు మాట వచ్చింది కనుక నేను రాయవలసి వచ్చింది. మా కుటుంబం తరతరాలుగా చెరువుల్లో వల వేసి బతికింది. దయచేసి ఆ చేపను సఫిల్‌గూడ చెరువులోనే కాదు, ఏ నీటిలోనూ వదలకండి.

సక్కర్ చేప దక్షిణ అమెరికా నదులది. మన తెలుగు జిల్లాల్లో మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అంటారు, ఆ పేరు ఊరికే రాలేదు. దాని ఒంటి మీది గట్టి పలకలు, రెక్కల ముళ్లు వల కన్నుల్లో ఇరుక్కుని, విడదీయబోతే నూలు తెగిపోతుంది. ఒక వల బాగుచేసుకోవడానికి రోజుల తరబడి కూర్చోవాలి. ఆ చేప గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దాంతో కట్ట మట్టి వదులవుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది, ఒడ్డున పడేసినా గంటల పాటు చావదు. మన రవ్వలు, బొచ్చెలు బతకలేని మురుగునీటిలో కూడా అది పెరుగుతుంది. ఇది వలలో పడితే కొనేవారు ఉండరు.

గప్పీలు దోమల లార్వాలను తింటాయని కుంటల్లో వదలమనే సలహా కూడా మీకు ఎవరో ఇస్తారు. దోమల కోసం చేపలను ఎక్కడ వేయాలో నిర్ణయించవలసింది ఆ పని చేసే ఆరోగ్య విభాగం. ఇళ్లలోని తొట్లు ఖాళీ చేసుకోవడానికి అది దారి కాకూడదు.

నీలితొట్టి (ప్రశ్న అడిగినవారు)

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. మంగళవారం ఉదయం ఖాళీ చేతులతో తార్నాక వైపు ఉన్న ఒక దుకాణానికి వెళ్లి వీడియో చూపించాను. యజమాని మగవి 20, ఆడవి 10 తీసుకుంటానని, వాటిని మేతకు వాడనని చెప్పారు. ప్రతిగా మేత డబ్బా ఒకటి, స్పాంజి ఫిల్టర్ ఒకటి ఇచ్చారు. మిగతావాటిలో మగవాటినీ ఆడవాటినీ వేరుచేస్తే ఇక పిల్లలు పుట్టవా?

సక్కర్ చేపను శామీర్‌పేట దగ్గర వ్యవసాయ క్షేత్రం ఉన్న మా సహోద్యోగి తీసుకుంటానన్నారు. ఆయన దగ్గర ఆరుబయట ఒక గుంట ఉంది. పంపవచ్చునా?

సమాధానం: పాచిరాయి, కూకట్‌పల్లి

వెంటనే ఆగవు. ఆడ గప్పీ ఒకసారి జతకట్టిన తరువాత, మగ చేప లేకపోయినా కొన్ని నెలల పాటు, సుమారు నాలుగు వారాలకు ఒకసారి పిల్లలను పెట్టగలదు. కాబట్టి ఆడవాటినన్నింటినీ ఇచ్చివేసి, మీ అమ్మాయికి ఇష్టమైన ఏడెనిమిది మగ చేపలను మాత్రమే ఉంచుకోండి.

సమాధానం: వలపోగు, ఎల్.బి.నగర్

గుంట మట్టిదా, సిమెంటుదా అన్నది మొదట కనుక్కోండి. మట్టి గుంటైతే పంపకండి, గట్టు తవ్వుతుంది. సిమెంటుదైతే, వర్షాకాలంలో నిండినప్పుడు నీరు ఎటు పోతుందో మీరే వెళ్లి చూడండి. ఆ నీరు కాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి చేరేటట్లయితే, నీరు బయటకు పోయే గొట్టానికి సన్నని ఇనుప జాలి బిగించి, గోడ అంచు నీటిమట్టానికి కనీసం ఒక అడుగు ఎత్తున ఉండేలా చూసిన తరువాతే చేపను పంపండి. ఒకే ఒక్క చేప కదా అని మీ సహోద్యోగి అనవచ్చు. ఆయన ఇప్పటికే ఇలాంటి మరో చేపను ఎవరి దగ్గరనైనా తీసుకున్నారేమో కూడా అడగండి. ఆడదీ మగదీ ఒకే గుంటలో చేరకూడదు.