భీమిలి ఒడ్డున పెద్ద రిసార్టులు రావాలా, వద్దా?

గంటస్తంభం_వీధి:
భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి మా ఊళ్లో ఎవరు కనపడినా ఒకటే మాట. "మాస్టారూ, ఇక భీమిలి దశ తిరిగినట్టే" అంటున్నారు. బీచ్ రోడ్డు పక్కన రెండు సెంట్ల జాగా ఉన్నవాళ్లు కూడా రిసార్టు వాళ్లు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనం రావాలి, రాత్రి ఇక్కడే ఉండాలి. కానీ ఇసుకను ఆనుకుని పెద్ద రిసార్టులు వద్దు. బస ఊళ్లో ఉండాలి.

ఊరు తెలియని వాళ్ల కోసం కాస్త చెబుతాను. విశాఖ నుంచి సముద్రం పక్కనే వచ్చే రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్ల లోపే భీమునిపట్నం, అదే మా భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ కోట కట్టుకుని వ్యాపారం చేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది, ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది. ఈ రేవు నుంచి నూనెగింజలు, కరక్కాయలు, గోగునార ఓడలెక్కేవి. గోగునారకి పై దేశాల మార్కెట్లో "బిమ్లీ జూట్" అని మా ఊరి పేరే ఉండేది. తర్వాత ఓడలు ఆగిపోయాయి.

ఇప్పుడు ఆదివారం వచ్చేవాళ్లు రెండు గంటలు ఉంటారు. లైట్‌హౌస్ దగ్గర ఫొటో దిగి, ఒక మురీ మిక్చర్ పొట్లం, ఒక మొక్కజొన్న పొత్తు కొనుక్కుని చీకటి పడేసరికి విశాఖ వెళ్లిపోతారు. ఊళ్లో చూస్తే పాత మిద్దె ఇళ్లు తాళాలేసి ఉన్నాయి. మా ఇల్లే తీసుకోండి. మా తాతగారు కట్టించింది. గోడ రెండడుగుల మందం, గానుగ సున్నం. మే నెల మధ్యాహ్నం ఆ గోడకి వీపు ఆనిస్తే చల్లగా తగులుతుంది. పైన టేకు దూలాలకి చెదల మచ్చ కూడా లేదు. ముందుగది పెచ్చులూడుతోంది, పిల్లలు బయట ఊళ్లలో ఉన్నారు, నా పింఛనుతో బాగుచేయించలేను. ఇలాంటి ఇళ్లు మా వీధిలోనే తొమ్మిది లెక్కపెట్టాను. వీటిని బాగుచేసి గదులుగా ఇస్తే ఊరూ నిలబడుతుంది, ఒడ్డూ మిగులుతుంది.

బీచ్‌రోడ్డు_డ్రైవర్:
మాస్టారూ, మీరు నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పారు. అందుకే గౌరవంగానే అడుగుతున్నాను, ఈ లెక్క కూడా వేయండి. తొమ్మిది ఇళ్లు, ఇంటికి నాలుగు గదులు. ముప్ఫయ్యారు గదులు. అందులో పని ఎంతమందికి దొరుకుతుంది? ఇంటికి ఒక పనిమనిషి, మహా అయితే ఒక వంటమనిషి. వాళ్లకి నెల జీతం ఉంటుందా, పీఎఫ్ ఉంటుందా?

మా నాన్న జూట్ మిల్లులో చేశారు. మిల్లు మూతపడ్డాక మా ఇంట్లో మూడేళ్లు ఒకటో తారీఖు అంటేనే టెన్షన్. నాతో చదివిన వాళ్లలో సగంమంది హైదరాబాద్‌లో, చెన్నైలో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర వాచ్‌మన్‌లుగా ఉన్నారు. వంద గదుల హోటల్ ఒకటొస్తే వంటవాళ్లు, లాండ్రీ, ఎలక్ట్రీషియన్లు, తోటమాలి, డ్రైవర్లు, అందరూ కావాలి. అమ్మానాన్నల దగ్గరుంటూ జీతం తెచ్చుకోవచ్చు. అందం చెడిపోతుందని వద్దంటే, ఆ అందాన్ని చూసుకుంటూ ఆకలితో ఉండమనా? నాకు మాత్రం రిసార్టులు రావాలి. ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

వీకెండ్_మధురవాడ:
నేను నెలకోసారైనా పిల్లలతో వస్తాను. నాకు ఈ గదుల గొడవ తర్వాత. సముద్రంలో తడిసిన పిల్లకి బట్టలు మార్చడానికి చోటు లేక కారు తలుపులు తెరిచి చీర అడ్డం పట్టుకుంటోంది మా ఆవిడ. శుభ్రమైన బాత్‌రూమ్‌లు, మంచినీళ్ల షవర్లు, ఈతగాళ్లు, లోతు చెప్పే బోర్డులు, ఇవి పెడితే చాలు, మేం రెండు గంటల బదులు పూటంతా ఉంటాం. 2020లో రుషికొండకి శుభ్రమైన, భద్రమైన బీచ్ అని బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది ఇలాంటి వాటిమీదే కదా.

జాలరి_బిడ్డ:
మాస్టారికీ డ్రైవర్ అన్నకీ ఒక మాట. ఇద్దరూ ఒడ్డుని ఖాళీ జాగా అన్నట్టే మాట్లాడుతున్నారు. ఒకరు దాన్ని ఖాళీగా ఉంచాలంటున్నారు, ఇంకొకరు నింపాలంటున్నారు. అది ఖాళీగా లేదండీ. మా నాన్నకి అది పనిచేసే చోటు.

నేను విశాఖలో బ్యాంకులో చేస్తున్నాను కానీ ఇల్లు ఇక్కడే. పొద్దున పడవ రాగానే పదిమంది భుజం పెట్టి ఇసుక మీదకి తోస్తారు. మాకు జెట్టీ లేదు, ఇసుకే జెట్టీ. అక్కడే వల దులుపుతారు, అక్కడే వేలం పాట పెట్టి చేపలు అమ్ముతారు. మా అమ్మ గంపలో ఐసు ముక్కలు సర్దుకుని ఏడింటి ఆటోకి తగరపువలస వెళ్తుంది. మిగిలిన నెత్తళ్లు ఎండబెట్టేదీ ఆ ఇసుక మీదే. తుపాను కబురొస్తే పడవని ఇంకా పైకి, రోడ్డు దాకా లాగాలి. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబరులో, వెనక జాగా ఉన్నవాళ్ల పడవలు దక్కాయి.

ఇంకోటి ఎవరూ అనుకోరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఫైబర్ అతుకులు, ఇంజిన్ రిపేర్లు, వలల కుట్లు, అన్నీ అప్పుడే. మీ వేసవి సెలవులూ అవే రోజులు. రిసార్టు వాళ్లకి గిరాకీ ఉండే రోజుల్లోనే మాకు ఇసుక ఎక్కువ కావాలి.

ఈ తీరంలోనే ఇంకో చోట మా పిన్ని వాళ్లు చేపలు ఎండబెట్టుకునే మేర ముందు ఒక హోటల్ వచ్చింది. పేరు చెప్పను. మొదటి ఏడాది ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఏడాది సెక్యూరిటీ అబ్బాయి వచ్చి "అమ్మా, వాసనొస్తోందని గెస్టులు కంప్లయింట్ చేస్తున్నారు, కొంచెం అటు జరుగు" అన్నాడు. పాపం మర్యాదగానే అన్నాడు, వాడూ మన కులం పిల్లాడే. పిన్ని జరిగింది. మరుసటి ఏడాది ఇంకొంచెం జరిగింది. ఇప్పుడు అక్కడ ఎండబెట్టడం మానేసింది.

ఎర్రమట్టి_నేల:
నేను ఆంధ్రా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివాను, నేల వైపు నుంచి మాట్లాడతాను. భీమిలికి కాస్త ముందే, విశాఖ వైపు, ఎర్రమట్టి దిబ్బలున్నాయి. మట్టి అంటాం కానీ అది ఇసుక. వేల ఏళ్ల కిందట సముద్రమట్టం బాగా తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి తెచ్చి పోసింది, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. పిడికెడు తీసుకుని నలిపితే వేళ్ల సందుల్లో పసుపు కుంకుమ కలిపినట్టు రంగు అంటుకుంటుంది. ఒక్క గట్టి వాన పడితే చాలు, వారం కిందట చూసిన గాడి మీకు మళ్లీ కనిపించదు. అంత మెత్తని నేల. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. 2025లో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. దాని చుట్టూ ఎక్స్‌కవేటర్ పెట్టి చదును చేసిన నేల మళ్లీ రాదు.

రెండోది నీళ్లు. వంద గదుల హోటల్ నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? బోరు వేస్తుంది. ఒడ్డున మంచినీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. తోడేకొద్దీ కింది ఉప్పు పైకొస్తుంది. ముందు చెడేది ఆ హోటల్ బోరు కాదు, పక్కనున్న ఇళ్ల బావులు.

మూడోది, ఒడ్డు కదులుతుంది. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ పోర్టు బయటి హార్బరు గోడలు ఆ నడకకి అడ్డం పడ్డాక ఆర్కే బీచ్ కోతకి గురై, పోర్టువాళ్లు సముద్రంలోంచి ఇసుక తోడి అక్కడ పోయాల్సి వస్తోంది. ఒడ్డున గోడ కట్టినవాడి ముందు ఇసుక ఉండదు, పక్కవాడి ముందు కూడా పోతుంది. పైగా జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది, రాత్రి దీపాలు చూసి తాబేలు పిల్లలు సముద్రం వైపు కాక రోడ్డు వైపు పాకుతాయి.

సీఆర్‌జడ్ నిబంధనలు, అంటే తీరంలో కట్టడాల మీద ఉన్న రూల్సు, ఉన్నాయి కదా అంటారు. పట్టణాల్లో సాధారణంగా, అప్పటికే ఉన్న రోడ్డుకి నేల వైపునే కొత్త కట్టడాలకి వీలుంటుంది. మాస్టారు చెప్పేదీ దాదాపు అదే. అది అడగడానికి ఉద్యమం అక్కర్లేదు, ఉన్న రూలు అమలు చేయమంటే సరిపోతుంది.

బీచ్‌రోడ్డు_డ్రైవర్:
సరే, ఇసుక మీద వద్దు. ఎర్రమట్టి వైపు వద్దు. పావురాళ్ల కొండ మీద బౌద్ధులవి ఉన్నాయి, నరసింహస్వామి గుడి ఉంది, అటూ వద్దంటారు. మరి ఎక్కడ? చోటు చెప్పకుండా వద్దు వద్దు అంటే మా నాన్న మిల్లు తెరుస్తారని ఏళ్ల తరబడి ఎదురుచూసినట్టే ఉంటుంది.

చెల్లెమ్మా, నువ్వు చెప్పిన పిన్ని సంగతి చదివి బాధేసింది. అది నాకు తెలీదు. కానీ మీ తమ్ముడు కూడా వేటకి వెళ్లనంటున్నాడా లేదా? నా ఆటోలోనే ఎక్కి వైజాగ్‌లో ఉద్యోగాల కోసం తిరుగుతున్నారు మీ పేట పిల్లలు.

హేగ్_నుంచి:
మాది తగరపువలస. ఆరేళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. మన ఊళ్లో సమాధులున్న డచ్చివాళ్ల దేశం కాబట్టి ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను.

హేగ్ పక్కనే స్కేవెనింగెన్ అని సముద్రపు ఊరు. మొదట జాలరుల పల్లె. హార్బరు లేక అడుగు చదునుగా ఉండే పడవల్ని మనలాగే ఇసుక మీదకి లాగేవారు. 1818లో ఒకాయన ఒడ్డున చిన్న చెక్క స్నానాల గది కట్టాడు. 1885కల్లా పెద్ద హోటల్ వచ్చింది, కూర్‌హౌస్. దొరలు ఒకవైపు, పడవలు ఒకవైపు, ఒకే ఇసుక మీద. 1894లో పెద్ద తుపాను వచ్చి ఒడ్డునున్న పడవల్ని పిండి చేసింది. ఆ తర్వాత 1904లో గానీ వాళ్లకి హార్బరు రాలేదు. హోటల్ వచ్చిన దాదాపు ఇరవై ఏళ్లకన్నమాట.

ఇప్పుడు వేసవి ఆదివారం వెళ్తే ఇసుక మీద వరుసగా హోటళ్లు, కుర్చీలు. ఊరికి డబ్బు బాగా వచ్చింది, కాదనను. చేపల హార్బరు కూడా ఉంది. కానీ ఇసుక మీద పడవ అనేది పాత చిత్రపటాల్లోనే చూడాలి. వాళ్లకి హార్బరు అయినా దక్కింది, అదీ దెబ్బతిన్నాక. హోటల్ ప్లాను కన్నా ముందు పడవలకి చోటు తేలాలి. మనం ఆ వరుస తప్పితే తుపాను దాకా ఆగాల్సి వస్తుంది.

వీకెండ్_మధురవాడ:
ఇది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. బాత్‌రూమ్‌లు కూడా రోడ్డుకి ఊరి వైపునే పెట్టమంటాను. నడిచి వస్తాం, అయిదు నిమిషాలు.

గంటస్తంభం_వీధి:
బాబూ, నీ లెక్క సరైనదే. ముప్ఫయ్యారు గదులతో నీ తరానికి బతుకుతెరువు దొరకదు. మా ఇంటి గోడల మీద ప్రేమతో ఆ సంగతి చూడలేదు, ఒప్పుకుంటున్నాను. వంద గదుల హోటల్ రావాలి. చోటు అడిగావు కాబట్టి చెబుతాను. ఊరి నుంచి తగరపువలస వెళ్లే రోడ్డు మీద, హైవే వైపు. విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లకి దగ్గర. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు, నిజమే. రోజూ పొద్దున్నా సాయంత్రం వాళ్లని ఒడ్డుకి తీసుకొచ్చే బండ్లు కావాలి, అది మీ ఆటోల పని అవుతుంది. అలాంటి చోటుకి పెట్టుబడి పెట్టేవాడు రాడంటావేమో. సముద్రం గోడ పక్కనే కావాలనేవాడు రాకపోతే పోనీ, ఇంకో రెండేళ్లు ఆగుదాం. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

అమ్మాయీ, ముప్ఫై ఏళ్లు ఆ ఒడ్డున సాయంత్రం నడిచాను. ఎప్పుడూ పడవల పక్కనుంచే నడిచాను. వాటికి ఎంత చోటు కావాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పొరపాటు నాదే.

జాలరి_బిడ్డ:
పొరపాటేం లేదు మాస్టారూ. మా నాన్ననడిగినా చెప్పలేడు, ఎవరూ కొలవలేదు కాబట్టి. కాగితం మీద లేని చోటుని ఎవరైనా ఖాళీ అనుకుంటారు.

డ్రైవర్ అన్నా, మా తమ్ముడు వేటకి వెళ్లనంటున్న మాట నిజమే. వాడికి హోటల్లో ఉద్యోగం వస్తే మా అమ్మే ముందు సంతోషిస్తుంది. కానీ నాన్న ఇంకో పదిహేనేళ్లు వెళ్తాడు, ఆయన పడవకి చోటు కావాలి. ఒక ఇంట్లోనే రెండూ కావాలి మాకు.

నిషేధం మొదలయ్యాక మొదటి ఆదివారం రండి, ఏప్రిల్ 15 తర్వాత. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పోటు వచ్చినప్పుడు, రెండుసార్లు కొలుద్దాం. తుపానుకి లాగే జాగా ఎంతో మా నాన్న, పెదనాన్న నిలబడి చూపిస్తారు. ఎర్రమట్టి గారు గీత గీసిపెడితే జీవీఎంసీకి అర్జీతో పాటు ఇద్దాం.

బీచ్‌రోడ్డు_డ్రైవర్:
వస్తాను. పెద్ద టేపు నేనే తెస్తాను, మా బావమరిది సర్వేయర్ దగ్గర చేస్తాడు. కానీ ఒక షరతు. తగరపువలస రోడ్డు మీద హోటల్ చోటు కూడా అదే కాగితం మీద గీయాలి, మాస్టారు కింద సంతకం పెట్టాలి.

గంటస్తంభం_వీధి:
పెడతాను. పొద్దున ఆరింటికి గంటస్తంభం దగ్గర ఉంటాను, ఎండ ఎక్కకముందే మొదలెడదాం.