పాత రేడియో ఇత్తడి నేమ్‌ప్లేట్ మళ్లీ చేసినవాళ్లు ఉన్నారా?

కావలి_వాల్వు:
మా తాతగారి వాల్వు రేడియోకు పాలిష్ అయింది, కెపాసిటర్లు మార్చాను, చక్కగా పాడుతోంది. ముందరి ఇత్తడి ప్లేటే ఉప్పుగాలికి చిలుమెక్కి సగం అక్షరాలు పోయాయి. వెనక నేల నల్లగా, అక్షరాలు పైకి మెరుస్తూ ఉండే రకం. ట్రంకురోడ్డులో స్టిక్కర్ వేసిస్తామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

ఒంగోలు_రిపేర్లు:
స్టిక్కర్ వద్దు. పాత ప్లేటును ఇంక రుద్దకుండా 600 డీపీఐలో స్కాన్ చేయండి. దానిమీదే ఇంక్‌స్కేప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఒక్కో అక్షరం అంచు గీసుకోండి. దొరికిన ఫాంటు పెట్టేస్తే తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు. ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

తర్వాత బొమ్మను కుడిఎడమలు తిప్పి, నున్నటి కాగితంమీద లేజర్ ప్రింటు తీయాలి. ఇంక్‌జెట్ పనికిరాదు. టోనర్‌లో ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టే ఇస్త్రీపెట్టె వేడికి కరిగి కొత్త ఇత్తడి రేకుకు పడుతుంది. రేకును ముందే వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది అసిటోన్‌తో తుడవండి, ఆపైన వేలు తగలనివ్వొద్దు. చల్లారాక నీళ్లలో నానేసి కాగితం ఒలిచేయడమే.

కందుకూరు_శీను:
అన్నా, బిందెలమీద పేర్లు కొట్టే అంగళ్లో చెక్కిస్తే?

ఒంగోలు_రిపేర్లు:
అది చుక్కచుక్కలుగా పడుతుంది శీనూ. ఈ రకం ప్లేటుకు నేలంతా సమంగా దిగాలి, యాసిడ్ పనే కావాలి.

సంతపేట_రేడియో:
ఆ పని ఇత్తడిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో చేస్తాను. టోనర్ పట్టిన అక్షరాలను అది తినదు, చుట్టూ ఉన్న నేలే దిగుతుంది. ప్లాస్టిక్ డబ్బా, చేతికి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. రేకు వెనక ప్యాకింగ్ టేపు అంటించి, బొమ్మ కిందికి వచ్చేట్టు బోర్లా వేలాడదీయండి. కరిగిన మడ్డి రాలిపోతుంది. వెల్లకిలా పెడితే అది గుంటల్లోనే కూర్చుని లోతు ఎగుడుదిగుడవుతుంది. ద్రావణం గోరువెచ్చగా ఉంటే పని త్వరగా అవుతుంది. ఎక్కువసేపు వదిలేస్తే మాత్రం టోనర్ కిందికి పక్కల నుంచి తొలిచేసి సన్నగీతలు తినేస్తుంది. మధ్యమధ్య తీసి, కడిగి, అంచుమీద సూదిమొన నడిపి చూడండి. మొన టక్కున ఆగితే రంగు నిలిచేంత లోతు వచ్చినట్టే.

మరీ సన్న అక్షరాలైతే టోనర్ బదులు పీసీబీలకు (సర్క్యూట్ బోర్డులకు) వాడే డ్రై ఫిల్మ్, అంటే వెలుతురు పడితే గట్టిపడే పలచటి పొర, నయం. చాకలి సోడా నీళ్లతోనే డెవలప్ అవుతుంది.

వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది. కాలవలో పోయొద్దు, దయచేసి.

కావలి_వాల్వు:
నలుపు ఎలా నింపాలి మాస్టారూ?

సంతపేట_రేడియో:
టోనర్‌ను అసిటోన్‌తో తుడిచేసి, ప్లేటంతా నల్ల ఎనామిల్ కొట్టండి. బాగా గట్టిపడనివ్వండి. 1000 నంబర్ వాటర్ పేపర్‌ను చదునైన చెక్కకు చుట్టి ఒకే దిక్కుగా రుద్దితే అక్షరాలు తేలతాయి. వేళ్లతో నొక్కి రుద్దితే గుంటల్లో రంగు కూడా లేచిపోతుంది. కావలి గాలికి పైన క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ పూత) లేకపోతే మళ్లీ చిలుమే.

ఒంగోలు_రిపేర్లు:
ఇంకోమాట. వెనకవైపు చేసిన సంవత్సరం పంచ్‌తో కొట్టండి. రేపు ఆ సెట్టు చేతులు మారితే కొన్నవాళ్లకు అది కొత్త ప్లేటని తెలియాలి. పాతది కవర్లో పెట్టి కేబినెట్ లోపలే, వాల్వుల వేడి తగలనిచోట ఉంచండి.

కావలి_వాల్వు:
తప్పకుండా. రేకు తెచ్చాను, ఈ ఆదివారం అక్షరాలు గీయడం మొదలుపెడతాను. స్కాన్ ఇక్కడే పెడతాను, అంచులు సరిగ్గా వచ్చాయో చూసి చెప్పండి.